ఎడమచేతి బొటనవేలు

హవల్దారు గారి గదిలో అడుగుపెడితే ముందు బ్రాసో వాసన తగిలేది. ఆ వెనకే తడితోలు వాసన. సికింద్రాబాదు మెట్టుగూడ రైల్వే క్వార్టర్లు దాటాక ఓ పెంకుటింటి వెనక వాటాలో అద్దెకుండేవారు. మంచం మీద డ్రమ్ము ఉండేది, ఆయన కింద చాప పరుచుకుని పడుకునేవారు. "దానికి నెమ్ము తగలకూడదు. నాకు తగిల్తే ఏటి?" అనేవారు.

ఆయనది శ్రీకాకుళం వైపు. ఊరిపేరు చెప్పే ఉంటారు, నాకు నిలవలేదు. ముఖం కూడా సరిగ్గా గుర్తురాదు. మీసం ఉండేదా అని ఎవరైనా అడిగితే తడుముకుంటాను. ఎడమచెయ్యి మాత్రం ఇప్పుడు కాగితమిస్తే గీసేస్తాను. ఉంగరపువేలి గోరు పక్కన కాయ కాచి ఉండేది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చర్మం నున్నగా, కాస్త మెరుస్తూ ఉండేది. కర్ర అక్కడ ఎన్నేళ్లు తిరిగిందో!

సైన్యంలో బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయించిన మనిషి. పచ్‌మఢీలో 1950లో పెట్టిన మిలిటరీ సంగీత పాఠశాలలో కొన్నాళ్లు ఉన్నానని చెప్పేవారు. పింఛను పుచ్చుకుని బయటికొచ్చాక సికింద్రాబాదులో పెళ్లిళ్ల బ్యాండులో చేరారు. నేను ఆయన దగ్గరికి వెళ్లింది సైడ్ డ్రమ్ము మీద ప్రేమతో కాదు. వినాయక చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రా వాళ్లు వాయించే డ్రమ్ సెట్టు మీద మోజుతో. నాలుగైదు డ్రమ్ములూ, తళతళలాడే సింబల్సూ, వెనక జుట్టు ఎగరేస్తూ వాయించేవాడూ. ఆ వాయించేవాడు నేనన్నమాట. ఇంటర్లో ఉన్నాను, అంతకంటే దూరం ఆలోచన పోలేదు.

ఆయన దగ్గరున్నది ఒక్కటే డ్రమ్ము. ఇత్తడి చట్రం, మీరట్ జాలీ కోఠీలో తయారైంది. రెండు పక్కలా తోలు, అడుగున సన్నటి వైర్లు. ఫీజు ఏమీ అడగలేదు. ఇత్తడికి బ్రాసో పెట్టి తోమమన్నారు. తోమాను.

మొదటిరోజే నాకు అనుమానమొచ్చింది. కుడిచెయ్యి కర్రని సుత్తి పట్టుకున్నట్టే పట్టుకుంటుంది, అందులో వింత లేదు. ఎడమచెయ్యేమో అరచెయ్యి పైకి చూస్తూ, కర్ర బొటనవేలి గూట్లో దూరి, ఉంగరపువేలి మీద ఆనుతుంది. వెనక కొస నుంచి సుమారు మూడోవంతు దగ్గర పట్టు. మధ్యవేలు పైన ఊరికే వాలి ఉంటుంది, చిటికెనవేలు ఉంగరపువేలికి కిందనుంచి ఆసరా. కొట్టడమంటే ముంజేతిని తలుపు తాళంచెవి తిప్పినట్టు తిప్పడం. రెండు చేతులూ ఒకేలా ఎందుకు పట్టుకోకూడదని అడిగాను. ఆయన మాట్లాడకుండా పట్టా నా భుజానికి తగిలించి డ్రమ్ము వదిలారు. అది ఎడమకాలి మీదికి వాలింది. ఎడమవైపు అంచు పైకి లేచింది. "ఇప్పుడు నీ పద్ధతిలో కొట్టు" అన్నారు. మోచెయ్యి చెవిదాకా లేపితే తప్ప కర్ర తోలు దాకా పోలేదు. చెయ్యి తిరగేసి కిందనుంచి రానిస్తే సులువుగా పోయింది. ఏ దేశపు సైన్యంలోనైనా భుజాన వేలాడే డ్రమ్ము ఒక పక్కకి వాలుతుంది కాబట్టి పుట్టిన పట్టు ఇది. అంతకుమించి ఇందులో రహస్యమేమీ లేదు.

రహస్యం బొటనవేలిలో ఉంది.

పాత స్కూటరు ట్యూబు కోసి చెక్కముక్క మీద బిగించి ఇచ్చారు. ఇంట్లో సాధనకి అదే. మిగతా వేళ్లన్నీ చాచేసి, కర్రని గూట్లో పెట్టి, ఒక్క బొటనవేలితో కొట్టాలి. వేలి కొస కర్రమీద ఆనాలి, నొక్కకూడదు. కర్ర పడుతుంది, లేస్తుంది. లేచినప్పుడు అడ్డుపడకుండా ఉండి, మళ్లీ పడబోయే ముందు కొద్దిగా ఊతమివ్వాలి. చదవడానికి ఇంతే. నా కర్ర ఒకటి రెండు సార్లు ఎగిరి ట్యూబుకి అతుక్కుపోయేది. బొటనవేలు దాన్ని అదిమి పట్టేది. చెయ్యి ఏదైనా పట్టుకుంటే అదమడమే దానికి తెలుసు.

"ఒగ్గీ. కర్రని ఒగ్గీరా అబ్బాయ్. అది పారిపోదు."

ఒగ్గేస్తే కర్ర ఎగిరి మంచం కిందికి పోయేది. నేను పాకుతూ వెళ్లి తెచ్చుకునేవాణ్ణి. ఆయన బీడీ ముట్టించుకునేవారు.

కొన్ని వారాలకి బొటనవేలితో చూపుడువేలు కూడా కలవనిచ్చారు. రెండూ కలిసి కర్ర చుట్టూ వదులుగా ఉంగరం చుడతాయి. తర్వాత ఉంగరపువేలు కిందనుంచి చిన్నగా ఎగదోయడం. ఇంట్లో మా అమ్మకి ఇవేవీ తెలియవు. "ఎడంచేత్తో ఏమిట్రా ఆ దరువు, అన్నం వేళకి?" అనేది. కుడిచెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో గంటలకొద్దీ ట్యూబుముక్కని కొట్టుకునే కొడుకుని చూసి ఆవిడ ఏం ఊహించుకుందో! మా నాన్నగారు రైల్వేలో గుమస్తా, డ్యూటీ నుంచొచ్చి, "దీనికి పరీక్షలుంటాయా?" అని ఒకే ప్రశ్న వేశారు.

ఆ ఏడాది శ్రావణంలో పెళ్లిళ్లు చాలా ఉన్నాయి. 1984. ఆగస్టు 16న ఎన్టీ రామారావుని ముఖ్యమంత్రి పదవి నుంచి తప్పించారు. సెప్టెంబరు 16న ఆయన మళ్లీ ప్రమాణం చేశారు. ఆ నెలరోజులూ ఊళ్లో ఎక్కడ చూసినా జనం, పోలీసులు. పెద్దవాళ్లు దాన్ని గురించి ఏం మాట్లాడుకున్నారో నాకు పట్టలేదు. గుర్తున్నదల్లా ఓ పెళ్లివారు గొడవలకి భయపడి ఊరేగింపు మానుకోవడం, బ్యాండువాళ్లు గుడి మెట్లమీద యూనిఫారాలతోనే కూచుని వర్షం చూడడం. హవల్దారు గారు డ్రమ్ముని గోనెపట్టాలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

తోలుకి వానాకాలం పడదు. నెమ్ముకి సాగిపోతుంది. కర్ర పడితే లేవదు. మే నెల సాయంత్రం అదే డ్రమ్ము, కర్ర తగలనిస్తే చాలు, తనంతట తనే రెండు మూడు దెబ్బలు ఇచ్చేది. ఎండాకాలంలో వాయించేవాడు సగమే పని చేస్తాడని, వానల్లో పూర్తి జీతానికి చేస్తాడని ఆయన నవ్వేవారు. నా చదువు వానల్లో పడింది. అది మంచిదైందో చెడ్డదైందో చెప్పలేను. లేవని కర్రని వేలితో లేపడం ముందు నేర్చాను, దానంతటది లేచే కర్రకి అడ్డు రాకుండా ఉండడం తర్వాత నేర్చాను. వరస తిరగబడింది.

నెమ్మదిగా కొట్టేటప్పుడు ముంజెయ్యి చాలు. బాగా వేగంగా కొట్టేటప్పుడు బొటనవేలు చాలు. చిక్కంతా ఈ రెంటికీ నడుమ. నడక వేగం పెంచుకుంటూ పోతే ఒకచోట ముంజెయ్యి బరువైపోతుంది, వేలింకా అందుకోదు. నాకు అక్కడ చప్పుడు మారిపోయేది. అప్పటిదాకా నిండుగా ఉన్న దెబ్బ ఉన్నట్టుండి పల్చబడేది, ఎవరో చేతులు మార్చినట్టు తెలిసిపోయేది. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. నేను ఆ సందు దాటిన ప్రతిసారీ కనుబొమ ఒకటి లేచేది. "తెలిసింది" అనేవారు. తెలియకూడదని అర్థం. వేలు ముందే పనిలోకి దిగాలి, చెయ్యి ఇంకా తిరుగుతుండగానే. చెయ్యి ఎప్పుడు తప్పుకుందో వినేవాడికి అంతు పట్టకూడదు. నలభయ్యేళ్లు దాటినా కొన్ని రోజులు ఆ సందు నాకు వినిపిస్తూనే ఉంటుంది. బయటివాళ్లకి వినిపించదంటారు. వాళ్ల మర్యాద.

ఆయన నేర్పిన పాఠాలకి పేర్లు తక్కువ. కుడి రెండు, ఎడమ రెండు వేసే రోలుని అందరిలాగే 'మమ్మీ డాడీ' అనేవారు. ఫ్లామ్, డ్రాగ్, పారాడిడిల్ అన్న మాటలు సైన్యం నుంచి తెచ్చుకున్నారు. అదే 1984లో అమెరికాలో పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ వాళ్లు ఇలాంటి పాఠాలకే, అంటే 40 రూడిమెంట్లకి, జాబితా ఖరారు చేశారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

పెళ్లిళ్లకి నన్నూ తీసుకెళ్లేవారు. మొదట్లో కాలేజీవాళ్లెవరైనా చూస్తారేమోనని బాస్ డ్రమ్ము చాటున నడిచేవాణ్ణి. ఒకచోట మగపెళ్లివారు ఊరినుంచి డప్పుల వాళ్లని కూడా పిలిపించారు. బ్యాండువాళ్లకి అది నచ్చలేదు. హవల్దారు గారు మాత్రం మా వరసలోంచి బయటికెళ్లి ఒక డప్పు కళాకారుడి ఎడమవైపున నిలబడిపోయారు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నటి పుల్ల. ఆ ఎడమచెయ్యి డప్పుని కూడా పట్టుకోవాలి, పుల్లనీ ఆడించాలి. ముంజేతికి తిరిగే చోటే లేదు, ఉన్నదంతా వేళ్ల పని. "చూస్తున్నావా? ఈయనకి పచ్‌మఢీలో ఎవరూ పాఠం చెప్పలేదు" అన్నారు నాతో. ఆ రాత్రి భోజనాలు మా రెండు జట్లకీ ఆఖరి బంతిలో, పెరట్లో, పక్కపక్కనే పడ్డాయి. పప్పు అయిపోయింది. మజ్జిగ ఉంది.

అక్టోబరు 31న ఇందిరాగాంధీని చంపారు. అంత్యక్రియలు నవంబరు 3న టీవీలో చూపించారు. క్వార్టర్లలో టీవీ ఉన్న ఇల్లు ఒకటి, గుమ్మం దాకా జనం. ఆడవాళ్లు కళ్లొత్తుకుంటున్నారు. హవల్దారు గారు కిటికీ బయట నిలబడి తల లోపలికి వంచి చూశారు. శవయాత్రలో వాయించేటప్పుడు వైర్లు వదులు చేసి డ్రమ్ముకి నల్లగుడ్డ చుడతారని, అలాంటప్పుడు చెయ్యి నిగ్రహం తెలుస్తుందని చెప్పారు. నెమ్మది నడకకి వాయించడం ఎంత కష్టమో మామూలు మనుషులకి తెలియదట. ఆయన ఏడ్చారో లేదో నేను చూడలేదు.

ఎప్పుడు వెళ్లిపోయారో నాకు స్పష్టంగా లేదు. డిగ్రీలో చేరాక నా రాక తగ్గింది. ఒకసారి వెళ్తే వాటాలో వేరే కుటుంబం ఉంది. ఊరికి వెళ్లిపోయాడన్నారు. ట్యూబు చెక్క నా దగ్గరే మిగిలింది.

డ్రమ్ సెట్టు ముందు నేను కూచునేసరికి ఉద్యోగం, పెళ్లి అన్నీ అయ్యాయి. సెట్టులో స్నేరు, అంటే సైడ్ డ్రమ్ములాంటిదే, సమంగా ఉంటుంది, వాలదు. అందుకే ప్రపంచం మారింది. 1964లో బీటిల్స్ అమెరికా టీవీలో కనిపించాక, వాళ్ల డ్రమ్మరు రింగో స్టార్ రెండు చేతులూ ఒకేలా పట్టుకుని వాయించడం చూసి కుర్రాళ్లు అటే పోయారు. జాజ్ వాళ్లలో చాలామంది పాత పట్టు వదల్లేదు. నేను కొన్న క్యాసెట్లలో ఒకటి డేవ్ బ్రూబెక్ బృందం 1959లో చేసిన 'టైమ్ అవుట్'. అందులో 'టేక్ ఫైవ్' మొదటిసారి విన్నప్పుడు నాకు తెలియకుండానే తకతకిట అని లెక్కపెట్టుకున్నాను. అయిదు లెక్కల ఖండగతి. డ్రమ్ములు వాయించింది జో మొరెల్లో. చాలా ఏళ్ల తర్వాత ఆయన వీడియో చూశాను. కళ్లద్దాలు, చూపు సరిగ్గా ఆనని మనిషి, ఎడమచేతి వేళ్లతోనే రోలు సాగదీస్తున్నాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా హవల్దారు గారు వినమని పోరిన ఆ అతుకులేని మార్పు, అక్కడుంది.

మొరెల్లో గురువు జార్జ్ లారెన్స్ స్టోన్. ఆయన 1935లో వేసిన 'స్టిక్ కంట్రోల్' జిరాక్సు కాపీ నా దగ్గర అట్ట చిరిగి ఉంది. కుడి, ఎడమ అక్షరాల వరసలు, ఒక్కొక్కటి ఇరవై సార్లు వాయించమని సూచన. అంతకంటే నీరసమైన పుస్తకం లేదు, అంతకంటే పనికొచ్చేదీ లేదు. బ్రూబెక్ బృందం 1958లో మద్రాసు వచ్చినప్పుడు మొరెల్లో మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళైతో కలిసి వాయించాడు. పిళ్ళై ఎడమచేతివాటం మనిషి. ఆ ఇద్దరూ ఒకరి చేతులొకరు ఎంతసేపు చూసుకుని ఉంటారో అనుకుంటాను.

ఇప్పుడు ఆదివారాలు కొందరు పిల్లలు నా దగ్గర నేర్చుకుంటున్నారు. వాళ్లకి రెండు చేతులూ ఒకేలా పట్టుకోమనే చెబుతాను. సమంగా ఉన్న డ్రమ్ముకి అదే సుఖం, కాదనేవాళ్లది మొండితనం. పాత పట్టే కావాలని పట్టుబట్టిన వాళ్లకి మాత్రం దిండు మీద సాధన వద్దంటాను. దిండు కర్రని లేపదు, లేవని కర్ర మీద బొటనవేలు అదమడమే నేర్చుకుంటుంది. వేలి మొదట్లో నొప్పి వస్తే ఆపేయమంటాను. నొక్కుతున్నారని ఆ నొప్పికి అర్థం.

ఊరేగింపుల్లో ఈమధ్య డీజే పెట్టెలే ఎక్కువ. బ్యాండువాళ్లు ఇంకా ఉన్నారు, పిలిచేవాళ్లే తగ్గారు. మీ ఇంట్లో పెళ్లి కుదిరితే ఈసారి వాళ్లని పిలవండి. సైడ్ డ్రమ్ము మనిషికి ఎడమపక్కగా కాసేపు నడవండి, పిల్లల్ని కూడా నడిపించండి. భోజనం మొదటి బంతిలో పెట్టించండి, పప్పు అయిపోకముందే.