కొత్త గది

1897 జూన్ 12వ తేదీ భూకంపంలో షిల్లాంగు రాతికట్టడాలు కుప్పకూలిన తరువాత, అస్సాము ప్రాంతంలో ఇల్లు తేలికగా ఉండవలెనన్న బుద్ధి కలిగింది. కొయ్యచట్రం, నడుమ ఇక్రా అనే రెల్లు తడికలు, వాటిపై మట్టిపూత, రేకుల కప్పు. గౌహతిలోని మా ఇల్లూ అటువంటిదే.

పెరటిలోని స్నానాలగదికి మెట్లు దిగడం అమ్మకు కష్టమై, వెనుకవైపు ఒక గది వేయించదలచాము. కంట్రాక్టరు మా పేటవాడే, నమ్మదగిన మనిషి. ఇటుకతో కట్టి, స్లాబు పోసి, పాత గోడకు కలిపివేస్తానన్నాడు. "ఇక్రా కట్టేవారు ఇప్పుడెక్కడున్నారండీ?" అన్నాడు. అదీ నిజమే.

కాని భూమి కదిలినప్పుడు బరువైన గది ఒక తీరున, తేలికైన ఇల్లు మరొక తీరున ఊగుతాయి. కలిపి కడితే ఒకదానినొకటి చీల్చుకొంటాయి. నడుమ సందు విడవమన్నాను. "వాననీరు దిగదా?" అన్నాడాయన. మా వానలు ఎరిగినవారికి అది చిన్న ప్రశ్న కాదు. చివరకు ఉపాయమూ ఆయనదే: సందుమీద వంచిన రేకు కప్పి, కొత్త గోడకు మాత్రమే బిగించి, పాతవైపు విడిగా వదలడం. గోడల చుట్టూ పునాదిపైన, ద్వారబంధాలపైన, కప్పుకింద కాంక్రీటు పట్టీలు వేయడానికీ ఒప్పుకొన్నాడు.

అంతవరకు వింటూ కూర్చున్న అమ్మకు 1950 ఆగస్టు 15 రాత్రి ఏడేళ్లు. ఆ రాత్రి మాట ఆమె ఎత్తలేదు. "నాయనా, నా నెత్తిమీద ఆ స్లాబు ఎందుకు?" అని మాత్రం అడిగింది.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. పిదప చెవిమీది పెన్సిలు తీసి, కాగితంపై స్లాబును కొట్టివేసి, రేకుల ధర రేపు కనుక్కొని వస్తానన్నాడు.