మా ఆటకారు ఏల నిలిచిపోయెను?

గడచిన వేసవి సెలవులలో మా యింట నొక చిన్న యభియోగము నడచెను. ముద్దాయి మా తమ్ముడు, న్యాయాధిపతులము మేమే. తుదకు తీర్పు తలక్రిందైనందున ఆ సంగతి యిచ్చట వ్రాయుచున్నాము.

రేడియోతో నడచు ఆటకారొకటి మాకు కలదు. పూర్వము ఇరువది నిమిషములు పరుగెత్తునది, నాలుగు నిమిషములకే చతికిలబడసాగెను. "నీవు గోడకు కొట్టి పాడుచేసితివి" అని తమ్ముని గద్దించితిమి. వాడు "నేను కాదన్నా" అని కన్నీళ్లు పెట్టుకొనెను. మేము వినలేదు.

మొదట మోటారును విప్పి చూచితిమి. ధూళి తప్ప దోషమేమియు లేదు. చక్రములు సులభముగా తిరిగినవి. అతుకులు గట్టిగా నున్నవి. ఇక మిగిలినది బ్యాటరీ. అది లిథియం పాలిమరు జాతిది. నిండుగా చార్జి చేసి మీటరు పెట్టగా 8.4 వోల్టులు చూపెను. ఇంతకంటె ఆరోగ్యమేమి కావలయునని దానిని విడిచి, మరల తమ్ముని మీద పడితిమి.

మా పొరపాటిచ్చటనే యున్నది. ఆ పొట్లములో వరుసగా కలిపిన రెండు ఘటములు కలవు. ఒక్కొక్కటి నిండినపుడు 4.2 వోల్టులు, 3 వోల్టులకు దిగువకు పోరాదు. మొత్తము మాత్రమే చూచుట, ఇద్దరు బాలుర మార్కులు కలిపి ఇద్దరును ఉత్తీర్ణులైరనుట వంటిది. పొట్లమునుండి మూడు సన్నని తీగెలతో తెల్లని ప్లగ్గొకటి వచ్చును. నడిమి తీగెకును ఒక్కొక్క ప్రక్క తీగెకును మీటరు తగిలించి కొలువగా, ఒకటి 4.09, రెండవది 4.31! కూడినచో సరిగా 8.4. నాలుగు నిమిషములు నడపి మరల కొలిచితిమి. మొదటిది 3.82, రెండవది 3.05.

దుర్బలమైన ఘటము తొందరగా నిండును, తొందరగా ఖాళీ యగును. తెల్ల ప్లగ్గును తగిలించినచో చార్జరు రెంటిని వేర్వేరుగా గమనించి సరిచేయును. మేమో, అది వట్టి అలంకారమని తలంచి నెలల తరబడి తగిలింపనే లేదు. 4.2 దాటించుట అగ్నిని ఆహ్వానించుటయే. మా యిల్లు నిలిచినది అదృష్టము.

అయితే ఆ ఘటము దుర్బలమగుటకు కారణమేమి? అప్పుడు జ్ఞాపకము వచ్చినది. వేసవి మొదట నొక రాత్రి కారు మీట ఆర్పకయే నిద్రపోయితిమి. మేమే, తమ్ముడు కాదు. వోల్టులు తగ్గినపుడు ఆపు ఏర్పాటు కారులో కలదు గాని, అది మోటారును మాత్రమే ఆపును. మీట వేసియున్నంతసేపు లోపలి యంత్రము కొంచెము కొంచెముగా త్రాగుచునే యుండును.

నాయనగారి సమక్షమున, నాపరాతిపై నుంచి, తెల్ల ప్లగ్గు పెట్టి ఒకసారి చార్జి చేసితిమి. రెండును 4.20కి వచ్చినవి. ఆశ కలిగెను. పరుగు ఆరు నిమిషములే. మరునాడు పొట్లము ఒక ప్రక్క ఉబ్బెను. ఉబ్బినదానిని చార్జి చేయరాదు, పొడువరాదు, చెత్తలో వేయరాదు. పొడి యిసుక పోసిన కుండలో ఆరుబయట నుంచి, పాత బ్యాటరీలు తీసికొను దుకాణమున ఒప్పగించితిమి.

ఆ రాత్రి తమ్మునితో ఉన్నదున్నట్లు చెప్పితిమి. వాడు చాలసేపు పలుకలేదు. పిదప "క్రొత్తది వచ్చినపుడు తెల్ల ప్లగ్గు నేనే పెట్టెదను, నీవు ముట్టరాదు" అనెను. అప్పటినుండి ఆ పని వానిదే. కారు వాడని దినములలో ఒక్కొక్క ఘటమును 3.8 వోల్టుల యొద్ద నిలుపుటయు వాడే చూచుకొనుచున్నాడు.