పదహారు గొంతులు, నాలుగు తీగలు

యానాంలో పుట్టి, పుదుచ్చేరి సచివాలయంలోని ఒక లెక్కల విభాగంలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తున్న ఒక ఉద్యోగి ఇంట, తల్లి పోయిన ఏడాదికి, ఒక విచిత్రమైన సమస్య తలెత్తింది. ఆమె సంవత్సరీకం మరునాడు బంధుమిత్రుల ఎదుట మనుమరాలు నాలుగు కీర్తనలు పాడాలని నిర్ణయమయింది. శ్రుతికి మాత్రం ఆ పెద్దావిడ తంబురాయే ఉండాలని ఆ పిల్ల పట్టుబట్టింది. ఆ తంబురా వాయించే స్థితిలో లేదు.

యానానికీ పుదుచ్చేరికీ నడుమ ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. పరిపాలన ఒకటే అయినా భాష వేరు, గాలి వేరు. గోదావరి ఒడ్డున మూడు పదుల ఏళ్ళు చెక్కుచెదరని పనసకొయ్య కుండ సముద్రపు గాలికి వచ్చిన కొద్ది సంవత్సరాలలోనే సన్నగా బీటలు వారింది. బాగుచేయడానికి తంజావూరు పంపవలసి వచ్చింది. పంపేముందు కుమారునికి ఒక ఆలోచన కలిగింది. తెగిపోయేలోగా తీగల ధ్వనిని పట్టి ఉంచుకోవాలి. ఒక రాత్రి వీధి సద్దుమణిగాక తలుపులు బిగించి, పంచమం, సారణి, అనుసారణి, మంద్రం అనే ఆ నాలుగు తీగలను ఒక్కొక్కటిగా మీటి, ధ్వని పూర్తిగా అణగిపోయేవరకు కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. మంద్ర షడ్జం అణగడానికి పన్నెండు సెకన్లు పట్టింది.

ఇలా పట్టిన ధ్వనులను మీటల పలకతో పలికించే సాఫ్ట్‌వేర్‌ను శాంప్లర్ అంటారు. అది ధ్వనిని సృష్టించదు. ముద్రించిన దానిని అవసరమైనప్పుడు తీసి వినిపిస్తుంది. తంబురా తీగలు దానంతట అదే వరుసగా మీటుకొనేటట్లు అమర్చి, కీర్తనల నడుమ చిట్టస్వరాలకు అమ్మాయి మీటల మీద వీణ ధ్వనిని పలికించేటట్లు ఏర్పాటు జరిగింది. వీణ ముద్రికలు ఇదివరకే ఆమె వద్ద ఉన్నాయి.

తల్లి బతికి ఉంటే మీటల వాద్యానికి ఒప్పుకొనేది కాదేమో. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిని వింటూ పాట నేర్చిన తరం ఆమెది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి 1971 వరకు సడలించలేదన్న సంగతిని ఆమె ఎంతో తృప్తితో చెప్పుకొనేదట.

సాధనలో మొదటి రెండు కీర్తనలూ సాఫీగా సాగాయి. మూడవది కల్యాణి. చిట్టస్వరం రెండవ కాలంలోకి వచ్చేసరికి శ్రుతి పలచబడింది. తీగలు మోగీ మోగకముందే ఆగిపోసాగాయి. అమ్మాయి చేతులు వెనక్కి తీసుకొని, “నాన్నగారూ, మామ్మ మధ్యలో లేచి వెళ్ళిపోతోంది” అన్నది. అంతవరకు సాంకేతికమైన చిక్కు అనుకున్నది ఆ మాటతో ఆయనకు వేరుగా తోచింది.

కారణం తెలుసుకోవడం కష్టం కాలేదు. శాంప్లర్‌లో ఒక్కొక్క మోతకు ఒక్కొక్క ‘వాయిస్’ ఖర్చవుతుంది. తెలుగులో గొంతు అనుకోవచ్చు. ఏకకాలంలో ఎన్ని గొంతులు పలకగలవో అది దాని పాలీఫనీ. ఆ ఇంటి కంప్యూటర్ పాతది. పదహారు దాటితే ధ్వనిలో చిటపటలు పుట్టేవి కనుక హద్దు పదహారు దగ్గరే కట్టవలసి వచ్చింది. సెకనుకు ఒకటి చొప్పున మీటిన తంబురా తీగలు పన్నెండు సెకన్లు మోగుతుంటే, అవే పన్నెండు గొంతులను ఆక్రమిస్తాయి. వీణకు మిగిలినవి నాలుగు. పిల్ల కాలితో పెడల్ నొక్కి పట్టి సెకనుకు ఎనిమిది స్వరాలు వాయిస్తే పదహారు గొంతులూ రెండు సెకన్లలోపే చేతులు మారతాయి. కొత్త స్వరానికి చోటు కావాలంటే పాతది ఒకటి తప్పుకోవాలి. దీనిని గొంతు దొంగిలించడం అని ఆ రంగంలోనివారు అంటారు. ఎవరు తప్పుకోవాలన్నది ఆ యంత్రంలో ముందుగానే రాసి ఉంటుంది: అందరికంటె ముందు వచ్చినది.

ప్రభుత్వోద్యోగులకు ఈ నియమం వింతగా తోచక మానదు. సీనియారిటీ జాబితాలో మొదటి పేరు మొదట ఇంటికి పోవడం ఏ నియమావళిలోనూ లేదు.

చరిత్ర చూస్తే ఈ ప్రశ్న అంత పాతది కాదు. పైపు ఆర్గన్‌లో ప్రతి మీటకూ తన గొట్టం తనకు ఉంటుంది. హార్మోనియంలో ప్రతి మీటకూ తన రీడు. ఎన్ని మీటలు నొక్కితే అన్నీ పలుకుతాయి, పోటీ లేదు. విద్యుత్ వాద్యాలు ఖరీదైన ఒక్క ధ్వనియంత్రాన్ని అన్ని మీటలకూ ఉమ్మడి చేసినప్పుడు పోటీ మొదలయింది. 1970లో వచ్చిన మినీమూగ్ ఒక్క స్వరమే పలికేది. రెండు మీటలు ఒకేసారి నొక్కితే కింది స్వరానిదే పైచేయి. ఇందులో సంగీతశాస్త్రం ఏమీ లేదు. మీటల కింద నిరోధకాలను వరుసగా కలిపిన తీరు అటువంటిది. 1978 నాటి ప్రాఫెట్-5కు అయిదు గొంతులు, 1979 నాటి ఫెయిర్‌లైట్‌కు ఎనిమిది, 1988 నాటి అకాయ్ ఎస్1000కు పదహారు. 1991లో జనరల్ మిడి అనే ఉమ్మడి ప్రమాణం కనీసం ఇరవై నాలుగు గొంతులు ఉండాలని నిర్దేశించింది. 1998లో వచ్చిన గిగాశాంప్లర్ ధ్వని మొదలును మాత్రమే జ్ఞాపకశక్తిలో ఉంచుకొని తక్కినదాన్ని డిస్కు నుంచి అప్పటికప్పుడు తెచ్చుకొనే పద్ధతి పెట్టాక నిడుపైన ముద్రికలు వాడుకలోకి వచ్చాయి. నేటి మంచి కంప్యూటర్లలో వందల గొంతులకు కొదవ లేదు. కొత్త కంప్యూటర్ కొంటే సరిపోయేది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆయన కూడా ఆ మాట అనుకున్నాడు. నెలాఖరు కావడం చేత వాయిదా వేశాడు. ఆ వాయిదాయే మంచి చేసింది.

నియమాలు మార్చి చూశాడు. అన్నిటికంటె మెల్లగా వినిపించే గొంతును తొలగించమన్నాడు. శ్రుతి మరింత చెడింది. తంబురా నాదం గట్టిగా పుట్టి తగ్గేది కాదు. తీగకూ గుర్రానికీ నడుమ ఉంచిన జీవపు నూలుపోగు వలన మెత్తగా మొదలై, ఆ తరువాత విచ్చుకుంటుంది. మెల్లగా ఉన్నవాణ్ణి పంపివేయమన్న ఉత్తర్వు ఆ నాదాన్ని మొగ్గలోనే తుంచింది. పైస్వరాన్ని తొలగించమంటే మంద్రం నిలిచింది గాని వీణ తారస్థాయి ఎక్కినప్పుడల్లా మూగపోయింది. ఉన్నవారు కదలనక్కరలేదు, కొత్తవారినే నిలిపివేయండి అనే నియమం కూడా ఉంది. దానితో అమ్మాయి వేళ్ళ కింద మీటలు పలకక చచ్చినట్లు పడి ఉన్నాయి.

వీటన్నిటికంటె ఆయనను కలవరపెట్టినది మరొకటి. మంద్రం ఆగినప్పుడు పోయేది ఒక్క షడ్జం కాదు. బాగా జీవం పట్టిన మంద్రపు తీగలో, ఎవరూ మీటని అంతర గాంధారం దానంతట అది వినిపిస్తుంది; స్వయంభూ స్వరమని పెద్దలు అంటారు. కల్యాణి గాంధారం దాని మీద వాలి నిలుస్తుంది. మీటల పలక మీది గాంధారం, సమభాగాలుగా కోసిన పన్నెండు మెట్లలో ఒకటి కావడం వలన, ఆ సహజ గాంధారం కంటె సుమారు పద్నాలుగు సెంట్లు ఎక్కువ. తంబురా ఉన్నంతసేపూ పాడే గొంతు సహజస్థానానికే చేరుతుంది. అది తప్పుకోగానే మీటల వైపు జారుతుంది. యంత్రం లెక్కలో పోయినది ఒక గొంతు. చెవి లెక్కలో రెండు స్వరాలూ, పాడే పిల్ల నిలకడా.

మీటలకూ శ్రుతులకూ ఉన్న ఈ తగవును పుదుచ్చేరి ఎరుగకపోలేదు. సెయింట్ లూయీ వీధిలోని ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ 1955లో వెలిసింది. ఆ దశకంలోనే అలైన్ దానియేలూ ఈ పట్టణంలో సంస్కృత సంగీతగ్రంథాల మీద పనిచేశాడు, ఎన్.ఆర్. భట్‌తో కలిసి ఆయన పరిష్కరించిన పురాణాలలోని సంగీతభాగాలను ఆ సంస్థ 1959లో ప్రచురించింది. పన్నెండు మీటలు చాలవన్న పట్టుదలతో ఆయన సూక్ష్మశ్రుతులను పలికించే విద్యుత్ వాద్యాల కోసం తరువాత దశాబ్దాల పాటు పాటుపడ్డాడు. ఆయన అడిగినది ఏ స్వరాలు ఉండాలని. ఉన్న స్వరాలలో ఏది ముందుగా వెళ్ళాలన్న ప్రశ్న లెక్కల విభాగంవారికి మిగిలింది.

సమాధానం తంజావూరులో దొరికింది. తంబురా పని ఎంతవరకు వచ్చిందో చూడబోయిన ఆదివారం, ఆ పనివాడు జీవం సరిచేస్తూ మంద్రపు తీగను పదేపదే మీటుతున్నాడు. ప్రతిసారీ వేలు తీగను తాకిన క్షణంలో అంతకు ముందటి మోత ఆగిపోతోంది; ఆ పైన కొత్తది పుడుతోంది. చిన్ననాటి నుంచి చూస్తున్నదే. ఒక తీగలో రెండు మోతలు ఎన్నడూ లేవు. మంద్రాన్ని ఆపే అధికారం మంద్రపు తీగకే ఉంది. వీణ ఎంత వేగంగా వాయించినా తంబురా తీగను తాకదు. కంప్యూటర్‌లో ఆయన పన్నెండు గొంతులు ఖర్చు చేసినది నాలుగు తీగలకు!

పక్కనే వీణ ఉంది. దాని మీద రెండు మెట్ల దగ్గర వేళ్ళు ఆన్చి చూశాడు. పైమెట్టే పలికింది, ఆ వేలు తీయగానే కిందిమెట్టు పలికింది. గుర్రానికి దగ్గరగా ఉన్న వేలిదే ఎప్పుడూ గెలుపు. మినీమూగ్ న్యాయానికి ఇది సరిగ్గా ఎదురు.

ఇంటికి వచ్చి ఉమ్మడి ఖాతాను విడగొట్టాడు. బడ్జెట్ పద్దులు రాసినవారికి ఇది కొత్త విద్య కాదు. ఒక పద్దులోని నిధిని మరొక పద్దుకు మళ్ళించరాదనడం వంటిదే. తంబురా తీగలు నాలుగింటికీ నాలుగు వేరు వర్గాలు, ఒక్కొక్క దానికి ఒక్కటే గొంతు. మళ్ళీ మీటినప్పుడు పాత మోతను ఒక్కసారిగా నరికితే టిక్కుమంటుంది కనుక, సెకనులో యాభయ్యో వంతు కాలంలో అణగేటట్లు పెట్టాడు. వేలు చేసే పని దాదాపు అదే. వీణకు వాయించే తీగలు నాలుగు, తాళపు తీగలు మూడు, ఏడు వర్గాలు. ఏ స్థాయి స్వరం ఏ తీగదో పంచిపెట్టి, వాయించే తీగలలో పైస్వరానికి ప్రాధాన్యం ఇచ్చాడు. మీట విడువక ముందే పైమీట నొక్కితే తీగ మళ్ళీ మీటినట్లు కాక, వేలు జరిగినట్లు వినిపించే ఏర్పాటు కూడా చేశాడు. గమకమంతా ఇందులో పట్టుబడదు. తీగను పక్కకు లాగినప్పుడు పుట్టే వంపు మీటలకు రాదు; అమ్మాయి ఆ చోట్లను గొంతుతోనే పాడుకున్నది.

మొత్తం పదకొండు గొంతులు. పదహారులో అయిదు ఖాళీగా మిగిలిపోయాయి. రెండవ కాలం చిట్టస్వరంలో అమ్మాయి పెడల్ నొక్కి ఎంత వేగంగా వాయించినా తంబురా కదలలేదు.

సంవత్సరీకం మరునాడు యానాం నుంచి వచ్చిన మేనత్తగారు పాట అయిన తరువాత కూడా కూర్చున్నచోటనే ఉన్నారు. కంప్యూటర్‌ను ఆపడం ఎవరికీ గుర్తు లేదు. నాలుగు తీగలూ వరుసగా మోగుతున్నాయి. “వదినగారి తంబురా బాగయిందా, నాయనా?” అని ఆవిడ అడిగింది. ఇంకా తంజావూరులోనే ఉందండీ అత్తయ్యా అని ఆయన చెప్పాడు. ఆవిడ గదిలోకి వెళ్ళి చూసి వచ్చింది.

తంబురా నెల తరువాత తిరిగివచ్చింది. బీట కనిపించకుండా పూడ్చారు. తీగలు కొత్తవి, నాదం మునుపటి కంటె నిండుగా ఉందని అందరూ అన్నారు. అమ్మాయి ఇప్పుడు దానితోనే సాధన చేస్తున్నది. కొత్త తీగలను కూడా ఎక్కించి పెట్టమని ఆమె రెండుసార్లు అడిగింది. పాతవాటిని చెరపకుండా వేరుగా పెడదాం తల్లీ అన్నాడు గాని, ఇంతవరకు మైకు బయటికి తీయలేదు.