సులేమానీ మరక

"నాన్నా, నీ ముందు పన్ను మీద ఆ మరకేంది?"

రాజంపేట నుంచి వీడియో కాల్‌లో మా చిన్నది అడిగేదాకా నేను గమనించలేదు. అద్దంలో చూసుకుంటే నిజమే. రెండేళ్ల కిందట ముందు పన్ను మూల విరిగితే అతికించిన ముక్క ఒక్కటే లేత గోధుమరంగుకు తిరిగింది. పుచ్చిందేమోనని ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

కువైట్‌లో మా ఆఫీసుకు రోజూ ఐదారుసార్లు టీ వస్తుంది. ఇస్తికానా అనే చిన్న గాజు గ్లాసులో, పాలు లేకుండా, చక్కెర దండిగా వేసిన నల్ల టీ. కిటికీ వెలుతురులో ముదురు తేనెలా మెరుస్తుంది. మలయాళీ మిత్రులు అందులోనే నిమ్మకాయ పిండి సులేమానీ చేస్తారు. ఊళ్లో పాల టీ తప్ప ఎరగని నాకు పదకొండేళ్లుగా ఇదే అలవాటు.

మర్నాడు క్లినిక్‌కు వెళ్లాను. డాక్టరమ్మ గాలి ఊది పన్ను ఆరబెట్టి, అతుకు అంచు పొడవునా పరీక్షగా చూశారు. ఎక్స్‌రే తీశారు. "పుచ్చు కాదు, టీ మరక" అన్నారు. ప్రాణం కుదుటపడింది.

నా పంటికి అతికించిన పంటిరంగు ఫిల్లింగ్ అంటే సన్నటి గాజు పొడి కలిపిన రెసిన్. నీలి కాంతి పడగానే గట్టిపడుతుంది కానీ, ఆ రెసిన్ నోటిలోని తడిని కొద్దికొద్దిగా పీల్చుకుంటూనే ఉంటుంది. తడితో పాటు టీ, కాఫీల రంగూ లోపలికి చేరుతుంది. నిమ్మరసం, కూల్‌డ్రింకుల్లోని పులుపు పైపొరను గరుకు చేస్తే రంగు ఇంకా తేలిగ్గా పట్టుకుంటుంది. సులేమానీలో రంగూ పులుపూ రెండూ ఉన్నాయి. పాల టీలోనైతే పాలలోని కేసీన్ టీ వగరును పట్టి ఉంచుతుంది, మరక తగ్గుతుంది. పళ్లను తెల్లబరిచే మందు పంటి మీద పనిచేసినట్టు ఫిల్లింగ్ మీద పనిచేయదు. పన్ను తెల్లబడి, అతుకు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

డాక్టరమ్మ గరుకు బిళ్లతో మొదలుపెట్టి మెత్తటి బిళ్ల దాకా మార్చి మార్చి పాలిష్ పెట్టారు. మరక పైపైనే ఉండటంతో దాదాపు పోయింది. లోతుకు ఇంకి ఉంటే పైపొర తీసి కొత్తది వేయాల్సి వచ్చేదట. టీ మానమనలేదు. తాగిన వెంటనే నీళ్లు పుక్కిలించమన్నారు. కొత్తగా ఫిల్లింగ్ వేయించుకున్నవాళ్లు ఒకటి రెండు రోజులు రంగున్నవి తాగకపోతే మేలన్నారు.

మా గదిలో రాయచోటి తమ్ముడు ఒకడున్నాడు. నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. అతని ఫిల్లింగ్ చుట్టూ నల్లటి గీత. "సెలవుకు ఊరెళ్లినప్పుడు చూపించుకుంటాలే అన్నా" అంటూ రెండు సెలవులు దాటించాడు. గల్ఫ్‌లో మనవాళ్లందరి నోటా వినబడే మాటే అది. నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. అతనిది టీ మరక కాదు, అతుకు కింద నిజంగానే పుచ్చు మొదలైంది. సమయానికి వెళ్లాం కాబట్టి కొత్త ఫిల్లింగ్‌తో పన్ను దక్కింది.

అద్దంలో చూస్తే రెండూ మరకల్లాగే కనిపించాయి. ఏది రంగో, ఏది రోగమో మనకు మనం తేల్చుకోలేం. అందుకే చెబుతున్నాను, ఫిల్లింగ్ రంగు మారితే సెలవు దాకా ఆగకండి.