నీళ్లు దిగే దారి

1 డిసెంబరు 2023, శుక్రవారం

ఆగ్నేయ బంగాళాఖాతంలో వాయుగుండం పడిందట. పట్టపుపాలెంలో అప్పుడే పడవలు మెరక మీదికి లాగుతున్నారు. వాళ్లకు తాళ్ల పని, మాకు పార పని.

మా కూరగాయల మళ్లు బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ నడుమ ఇసుక పర్రలో ఉన్నాయి. ఇసుకలో నీళ్లెలా నిలుస్తాయని కావలి నుంచి వచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఈశాన్య వానలు నాలుగు పడేసరికి ఇక్కడ నేలలో నీళ్లు మూరెడు లోతుకు వచ్చేస్తాయి. ఆపైన పడే వానకు ఇంకే చోటుండదు. చుట్టూ గట్టు వేసినా గట్టు లోపలే ఊట లేస్తుంది. చేయగలిగింది రెండే: మొక్కను ఎత్తు మీద నిలపడం, నీళ్లకు దిగే దారి చూపడం.

చీకటి పడేదాకా వంగ, మిరప సాళ్ల మధ్య బోదెలు లోతు చేశాం. తీసిన ఇసుకంతా మొదళ్లకు ఎగదోశాం.

2 డిసెంబరు, శనివారం

కోతకొచ్చిన బీర, కాకర, వంగ అన్నీ కోయించాం. పందిళ్ల మూలగుంజలకు తాళ్లు బిగించాం. మునగ కొమ్మలు కొట్టేశాం; పైబరువు ఉంటే ఆ చెట్టు గాలికి నిలవదు. మిరపకు యూరియా వేసే అదను ఇదే, అయినా ఆపాం. వాన ముందు ఇసుకలో వేసిన యూరియా నేరుగా కాలువలోకి పోతుంది.

అసలు చిక్కు కాలువ కొస దగ్గర. మా నీళ్లన్నీ పల్లంలో ఉన్న వదినె మడి మీదుగా పోవాలి. "మీ మళ్లు ఆరితే సరిపోద్దా అబ్బయ్యా, నా తోటకూర ఏం గావాల?" అంది. ఆమె అడిగింది న్యాయం. ఎగువవాడి కాలువ దిగువవాడికి వరద. తాటిచెట్ల వరస వెంబడి, చెరి సగం నేల వదులుకుని, కొత్తగా ఒక మురుగు కాలువ తవ్వుదామని మాట అనుకున్నాం. మధ్యాహ్నం నుంచి రెండిళ్లవాళ్లమూ దిగాం. ఎవరి మడి చుట్టూ వాళ్లు ఎంత తవ్వుకున్నా, దిగువన దారి లేకపోతే ఆ తవ్వకమంతా నీళ్ల గుంటే అవుతుంది. ఏటా ఈ పని అక్టోబరులోనే, అందరూ కలిసి చేసి తీరాలి.

3 డిసెంబరు, ఆదివారం

తెల్లారేసరికి తుపానైంది. మయన్మార్ పెట్టిన పేరు, మిగ్‌జాం. టీవీల్లో తెలంగాణ ఓట్ల లెక్కింపు, మధ్యమధ్యలో చెన్నై వాన. మాకూ ముసురు పట్టింది.

పెదనాయన 1989 కావలి తుపాను సంగతి ఎత్తాడు. థాయ్‌లాండ్ మీదుగా వచ్చి, బంగాళాఖాతంలో మళ్లీ బలం పుంజుకుని, నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను అది. "వాన నీళ్లు మూడు దినాలు నిలబడితే పైరు పోద్ది. ఉప్పునీళ్లు ఒక్క పూట నిలబడితే నేలే పోద్ది" అన్నాడు. కొత్త కాలువ మూతికి ఇసుక బస్తాలు సిద్ధం చేయమన్నదీ ఆయనే.

4 డిసెంబరు, సోమవారం

ఉత్తరపు గాలి. సరుగుడు తోపు రోజంతా హోరెత్తింది. బోదెలు పొద్దున్నే నిండాయి. కొత్త కాలువ మధ్యాహ్నం దాకా బాగా లాగింది, తర్వాత నిలిచిపోయింది. పోయి చూస్తే బకింగ్‌హాం కాలువ మట్టమూ మా కాలువ మట్టమూ ఒక్కటిగా ఉన్నాయి. పైన వరద, కింద సముద్రపు పోటు. ఆయిలింజను పెట్టి తోడదామన్నారు కుర్రాళ్లు. ఇసుకలో అది వృథా. తోడిన నీరు తోడినట్టే ఊరి వస్తుంది.

పాలెం మామ వచ్చి దారి చెప్పాడు. పోటు ఎక్కేటప్పుడు మూతికి బస్తాలు అడ్డం వేయాలి, పాటు తీసేటప్పుడు లాగేయాలి. ఇది అష్టమి దగ్గరి పోటు, అమావాస్య పోటంత ఎత్తు రాదు కాబట్టి దీన్ని గెలవొచ్చన్నాడు. వల వేసేవాడి దగ్గరున్న ఈ లెక్క కూరగాయలు పండించే ప్రతి ఇంటికీ రావాలి. మా మురుగు పారేది సముద్రం ఒప్పుకున్న వేళకే.

5 డిసెంబరు, మంగళవారం

తెల్లవారుజామున తుపాను కావలికి దగ్గరగానే ఉందన్నారు. మధ్యాహ్నానికి బాపట్ల దగ్గర తీరం దాటింది. అది ఉత్తరానికి జరిగేకొద్దీ మాకు గాలి పడమటికి తిరిగింది. పాటు వేళ బస్తాలు లాగితే కాలువ పరుగు తీసింది. సాయంత్రానికి వంగ సాళ్ల తలలు బయటపడ్డాయి.

6 డిసెంబరు, బుధవారం

ఎండ. అసలు నష్టం కనిపించేది ఇప్పుడే. మిరప సగం ఉరకెత్తింది. నీళ్లలో నిలబడి ఆకు వాడిపోవడం కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. వేరుకు గాలి అందక నీళ్లు పీల్చే శక్తి పోతుంది. పైన ఎండ ఆకులో ఉన్న తడిని లాగేస్తుంది. వాడింది కదా అని మళ్లీ తడి పెడితే చంపినట్టే.

పదును వచ్చేదాకా మళ్లలో ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. తర్వాత లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిపాం. వేరు కోలుకునేదాకా ఎరువు ఆకు మీదే ఇవ్వాలి: లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్.

టమాటా దాదాపు పోయింది. పక్కనే అదే నీళ్లలో నానిన వంగ నిలబడింది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం వాళ్లు ఈ గుణం చూసే వంగ వేరు మీద టమాటా అంటు కట్టి, వానాకాలంలో పండించే పద్ధతి నేర్పారు. అలాంటి అంటునారు మన తీరానికి కావాలి. ఉద్యానశాఖ వాళ్లు వచ్చినప్పుడు గట్టిగా అడగాలి.

9 డిసెంబరు, శనివారం

ఈరోజు కుర్రాళ్లు కాలువ ఇంకా లోతు చేద్దామంటే వద్దన్నాను. మా ఏడాది వానలో సగానికి పైగా ఈ ఈశాన్య రుతుపవనాలదే. ఈ తీపి నీళ్లే ఇసుకలో ఉప్పునీటి మీద పొరగా తేలి ఉంటాయి. వేసవిలో ఇసుకలో తవ్విన దొరువులో కడవ ముంచితే వచ్చేది ఆ పొరే. పైపొరను మాత్రమే లాగేలా, నేలలో చిల్లుల గొట్టాలు పరిచి ఒక బావిలోకి నీరు చేర్చే మెరుగైన దొరువు పద్ధతిని బాపట్ల శాస్త్రవేత్తలు రూపొందించారు. అంత సొమ్ము లేనివాళ్లు కూడా ఒకటి చేయొచ్చు: వేరుకు కింద జానెడు దాకా నీళ్లు దిగాక కాలువకు అడ్డం వేసేయడం. అంతకు మించి వదిలిన ప్రతి నీటిబొట్టూ ఏప్రిల్‌లో వెతుక్కోవాల్సిందే.

12 డిసెంబరు, మంగళవారం

కార్తీక అమావాస్య. పోటు పెద్దది. మూతికి బస్తాలు రెండు వరసలు వేశాం, ఈసారి లోపలి నీళ్ల కోసం కాదు, బయటి ఉప్పు రాకుండా. వదినె కొడుకు కాపలా ఉన్నాడు.

చచ్చిన టమాటా పీకి తగలబెట్టాం. ఆ మళ్లు ఇంకో చేతి ఎత్తు లేపి గోంగూర, తోటకూర చల్లాలి; నెల తిరక్కుండా సంతకు పోతాయి. బాగా పల్లంలో ఉన్న మూలకు తూటికూర చాలు, దానికి నీళ్లంటే భయం లేదు.

దక్షిణం వైపు మళ్లలో ఇంకా నీళ్లున్నాయి. రోడ్డు ఎత్తు చేసినప్పుడు కింద తూము వేయలేదు. ఆ రైతులతో కలిసి అర్జీ రాశాం. నీళ్లుండగానే ఫొటోలు తీసి దానికి జత చేయాలి, ఎండాక చూపిస్తే ఎవరూ నమ్మరు. ఆ ఫొటోలకు రేపు పొద్దున పాటు వేళకు ముందే వెళ్లాలి.