చీనీ ఆకు మీద పిట్టరెట్ట

పులివెందుల వైపు చీనీ తోటలు వానకు చిగురు తొడిగాయంటే, లేతాకుల మీద నల్లగా, నడుమ తెల్లమచ్చతో పిట్టరెట్టల్లాంటివి కనబడతాయి. పుల్లతో తట్టండి. తల వెనకనుంచి రెండు పాయల మెత్తని కొమ్ము బయటికొచ్చి ఘాటుగా వాసన కొట్టిందంటే అది సీతాకోకచిలుక పిల్ల. చీమల్లాంటి శత్రువులను తరమడానికి దానికున్న ఆయుధం అదే.

ఏ సీతాకోకచిలుక అన్నది అంత సులువుగా తేలదు. సీమలో చీనీ, నిమ్మ, కరివేపాకు, వెలగ మీద ఎక్కువగా కనిపించేవి రెండు: లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్. రెండింటికీ 1758లో లిన్నేయస్ పేర్లు పెట్టాడు. లేతాకుకు ఒక్కొక్కటిగా గుండ్రని పసుపు గుడ్లు పెట్టడంలోనూ రెండూ ఒకటే. పిల్లలు నాలుగు దశల దాకా రెట్ట వేషంలోనే ఉంటాయి. ఆఖరిసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారి, మెడ దగ్గర దొంగకళ్లు తెచ్చుకుంటాయి. వేలెడు లావైన ఒంటిని రెట్ట అని ఏ పిట్టా నమ్మదు కదా! వీటి దగ్గరి చుట్టమొకదానిలో, ఒంట్లోని జువెనైల్ హార్మోన్ తగ్గడమే ఈ రంగు మార్పుకు కారణమని 2008లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు.

పెద్ద చెట్టుకు ఈ మేత లెక్కలోకి రాదు. నారుమడిలోనో, అప్పుడే నాటిన అంటు మీదో అయితే చిగురంతా పోతుంది. అక్కడ చేత్తో ఏరేయడం న్యాయమే. పెరట్లోని నిమ్మచెట్టుకు మాత్రం మందు కొట్టవద్దని నా మనవి. ఒకదాన్ని గాలి ఆడే డబ్బాలో ఉంచి, రోజూ తాజా ఆకు వేయండి. అది పట్టుదారంతో నడుముకు పట్టీ కట్టుకుని ప్యూపా అవుతుంది. బయటికొచ్చినదానికి తోక లేకుండా, నల్లరెక్కల మీద లేతపసుపు మచ్చలుంటే లైమ్. తోకతో, వెనక రెక్కలకు అడ్డంగా తెల్లమచ్చల వరుస ఉంటే మార్మన్ మగది.

ఆడ మార్మన్ దగ్గరే జాగ్రత్త కావాలి. నల్లరేగడి చేలల్లో మొలిచే గాడిదగడపాకును పిల్లగా ఉన్నప్పుడు తిని, కామన్ రోజ్ అనే మరో సీతాకోకచిలుక ఒళ్లంతా విషం చేసుకుంటుంది. పిట్టలు దాని జోలికి పోవు. విషం లేని ఆడ మార్మన్లు కొన్ని, వెనక రెక్కల మీద తెలుపు, ఎరుపు మచ్చలతో అచ్చం దానిలాగే ఉంటాయి. రెక్కలు వదిలేసి ఒళ్లు చూడండి: రోజ్‌కి ఎరుపు, మార్మన్‌కి నలుపు.