సెలవులో చేయించుకొనే పరీక్షలు

మిష్రిఫ్‌ను పుస్తకప్రియులు అక్కడి అంతర్జాతీయ ప్రదర్శనశాల వల్ల ఎరుగుదురు. కువైట్ పుస్తక ప్రదర్శన జరిగేది అందులోనే. 2020 డిసెంబరులో కోవిడ్ టీకాల కేంద్రం వెలసిందీ ఆ ఆవరణలోనే. ఇటువంటి పేటల విల్లాలలో వంట, ఇంటిపని చేసే స్త్రీలలో కడప, గోదావరి ప్రాంతాల తెలుగువారు ఎందరో. చాలామంది పిల్లల చదువుల కోసమే వస్తారు. పిల్లలు లేని స్త్రీ సంగతి వేరు.

రాయచోటి నుంచి వచ్చిన అటువంటి స్త్రీ ఒకరిని ఊహించుకోవచ్చు. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు గల స్త్రీ 30 ఏళ్ళు నిండనిదే గల్ఫ్‌కు పనికి వెళ్ళరాదని భారత ప్రభుత్వ నిబంధన. దాని ఉద్దేశం రక్షణే కాని, దాని వల్ల సంతానానికి అనువైన చివరి సంవత్సరాలే ప్రవాసం పాలవుతాయి. వీసా కోసం ఆమెకు ఛాతీ ఎక్స్‌రే తీశారు, గర్భం లేదని నిర్ధారించుకున్నారు. ఆనాడు గర్భం లేకపోవడమే అర్హత. రెండేళ్ళ తరువాత సెలవు మీద ఇల్లు చేరేసరికి అదే నేరమైంది.

పన్నెండు నెలలు క్రమమైన దాంపత్యం సాగినా గర్భం రానప్పుడే వైద్యశాస్త్రం వంధ్యత్వం అన్న మాట వాడుతుంది. స్త్రీకి 35 దాటితే ఆరు నెలలకే పరీక్షలు మొదలుపెడతారు. రెండేళ్ళకొకసారి నలభై రోజులు కలిసి ఉన్న దంపతులు ఆ నిర్వచనంలోకే రారు. ఊరికి ఆ లెక్క పట్టదు. గొడ్రాలు అన్న మాట సిద్ధంగా ఉంది. మగవాడికి సాటి మాట వాడుకలో వినబడదు.

పరీక్షలకు వాటి తిథులున్నాయి. ఎఫ్.ఎస్.హెచ్. నెలసరి రెండో మూడో రోజున చూడాలి. అండం విడుదలైనదీ లేనిదీ చెప్పే ప్రొజెస్టిరాన్‌ను 21వ రోజున చూస్తారు, అదీ చక్రం 28 రోజులదైతేనే. ఏ.ఎమ్.హెచ్. ఏ రోజైనా చేయవచ్చు గనుక సెలవుపై వచ్చినవారికి అనుకూలం. కాని అది మిగిలిన అండాల రాశిని సూచిస్తుందే తప్ప సహజంగా గర్భం వస్తుందో రాదో చెప్పదు. ఆ అంకె తక్కువగా ఉన్నదని వినగానే ఏడ్చేవారికి ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పాలి.

ఫాలోపియన్ నాళాల పరీక్ష నెలసరి ఆగిన తరువాత, అండం విడుదల కాకముందు జరగాలి. గర్భాశయంలోకి ద్రవం ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. నొప్పి ఉంటుంది. ఒక్కొక్కప్పుడు నాళం బిగుసుకుపోయి, తెరిచి ఉన్నదే మూసుకున్నట్లు కనిపిస్తుంది. పూర్వం, 1920లో, న్యూయార్క్ వైద్యుడు ఐసిడార్ రూబిన్ ద్రవానికి బదులు వాయువును ఎక్కించే పద్ధతిని ప్రకటించాడు. నాళం తెరిచి ఉంటే వాయువు ఉదరంలోకి చేరి, రోగి లేచి కూర్చోగానే భుజం నొప్పి పుట్టేది. నొప్పి శుభవార్త కావడం వైద్యంలో అరుదు.

మన దేశంలో నాళాలు మూసుకుపోవడానికి క్షయ ఒక ముఖ్య కారణం. ఆ క్షయ ఉన్నా ఛాతీ ఎక్స్‌రే తరచు నిర్మలంగానే ఉంటుంది. వీసా కోసం ఆమె ఊపిరితిత్తులను చూసినవారు గర్భాశయాన్ని చూడలేదు. అది వారి పని కూడా కాదు.

పెరుమాళ్ మురుగన్ తమిళ నవల 'మాదొరుబాగన్'లో కాళి, పొన్నలకు ఈ పరీక్షలేవీ అందలేదు. అందులోని ఉత్సవరాత్రి ఒక విధంగా భర్తకు చేసిన పరీక్షే. ఆ నవలపై చెలరేగిన ఆగ్రహంలో ఈ అంశం ఎంతమందికి తట్టిందో!

నేటి భర్తకు అంత కష్టం లేదు. వీర్యపరీక్షకు రెండు నుంచి ఏడు రోజుల సంయమం చాలు. తిథి లేదు, నొప్పి లేదు. ఆమె మిష్రిఫ్‌లో పాత్రలు కడుగుతున్న నెలలోనే అతడు ఒక ఉదయం పూట చేయించుకోవచ్చు. ఆ కాగితం ముందే ఉంటే ఆమెకు ఏ పరీక్షలు అవసరమో వైద్యురాలు నిర్ణయించగలదు. ఈ దంపతుల విషయంలో దానిని అడిగింది ముప్ఫై ఆరో రోజున, ఆమె సూట్‌కేసు సర్దుకుంటూ ఉండగా.